గోడకేసి తొక్కిన సైకిలు

సైకిలు పెద్దమ్మకు ఒళ్ళు మండిపోతోంది. మండదూ మరి? ఊళ్ళో సగం మంది ఆమె పోసిన పాలు తాగి పెరిగినవాళ్ళే. భర్త పోయిన ఏడాది మొదలు మొన్నమొన్నటి దాకా, క్యారియర్‌కు రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని, వానయినా ఎండయినా ఇల్లిల్లూ తిరిగిన మనిషి. ఆ పేరు ఊరికే వచ్చిందా? అలాంటి మనిషి సైకిలును కన్నకొడుకే గొలుసుతో వసారా స్తంభానికి కట్టేసి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

పడింది ఒకే ఒక్కసారి. అదీ కుక్క అడ్డొచ్చి. మోచెయ్యి దోక్కుపోయింది, అంతే. ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదిదీ ఒకటే పాట.

"ఈ వయసులో నీకు సైకిలేంటమ్మా? తుంటి విరిగి మంచాన పడితే ఎవరు చేస్తారు?" అని కొడుకు.

"నలుగురూ మమ్మల్నే అంటారత్తయ్యా" అని కోడలు.

"నానమ్మా, పడతావు!" అని మనవరాలు.

పెరట్లోకి అడుగుపెట్టినా "మెల్లిగా, మెల్లిగా" అంటూ ఎవరో ఒకరు వెనకే. పాలు పోయొద్దన్నారు, సరే అంది. గేదెల్ని అమ్మేశారు, పంటి బిగువున ఊరుకుంది. కానీ అక్కను చూడకుండా ఎలా ఉంటుంది?

అక్క ఉండేది కాలవ అవతల, పక్క ఊళ్ళో. మంచం దిగలేని మనిషి. చెవిలో నోరు పెట్టి అరిస్తే తప్ప వినపడదు కాబట్టి ఫోను దండగ. పాలు పోసేశాక రోజూ అటు వెళ్ళి, అక్క తల దువ్వి, ఊరి కబుర్లన్నీ ఆ చెవిలో ఊదేసి వస్తే గానీ పెద్దమ్మకు పొద్దు గడిచేది కాదు. ఇప్పుడేమో "ఆదివారం బండి మీద తీసుకెళ్తాలే అమ్మా" అంటాడు కొడుకు. ఆదివారాలు వస్తున్నాయి, పోతున్నాయి. ఒకసారి చుట్టాలు, ఒకసారి పని, ఒకసారి నిద్ర. తీసుకెళ్ళిన ఒక్కసారీ బండి దిగకుండానే గుమ్మంలో హారన్ కొట్టాడు మహానుభావుడు. అట్టకట్టిన అక్క జుట్టు సగం చిక్కు తీసి, సగం అలాగే వదిలేసి లేచి రావలసి వచ్చింది.

ఇంతలో ఊళ్ళో పెద్దల ఆరోగ్య కేంద్రం తెరిచారు. 'వయసు మీద పడ్డా చురుగ్గా ఉందాం' అని గోడ నిండా రాయించారు. చాపలు, రబ్బరు బంతులు, మూలన ఒక కసరత్తు సైకిలు. కొడుకే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి దాని మీద ఎక్కించాడు.

"నీకు సైకిలంటే ఇష్టం కదమ్మా! ఇది ఎంత తొక్కినా పడవు."

"ఎంత తొక్కినా ఎక్కడికీ పోను కూడా" అంది పెద్దమ్మ.

గదిలో అందరూ పగలబడి నవ్వారు. ఆమెకు మాత్రం ఏడుపొచ్చింది. తొక్కింది, తొక్కింది, చెమటలు కక్కేలా తొక్కింది. ఎదుటి గోడ ఎదుటే ఉంది. ఏం తొక్కుడో, ఏం పాడో! గానుగెద్దుకైనా చివరికి కాస్త నూనె కనబడుతుంది.

కొన్నాళ్ళకు పై ఆఫీసర్లు వచ్చారు. అందరిలోకీ గట్టి మనిషి, కాళ్ళు భేషుగ్గా ఉన్నాయి అని పెద్దమ్మ మెడలో పతకం వేసి, రెండు ముక్కలు చెప్పమని మైకు చేతికిచ్చారు.

"ఈ బిళ్ళ నాకొద్దు బాబూ. మావాడి జేబులో నా సైకిలు తాళంచెవి ఉంది, అదిప్పించండి. మా అక్క దగ్గరికి పోవాలి."

జోకనుకుని చప్పట్లు కొట్టారు. పెద్దమ్మకు తిక్కరేగింది.

"నవ్వుతారేంటర్రా? నా కాళ్ళు భేషుగ్గా ఉన్నాయని మీరేగా అన్నారు? భేషైన కాళ్ళు గోడకేసి తొక్కడానికా?"

నవ్వులు ఆగిపోయాయి. కసరత్తు నేర్పే అమ్మాయి, ముందు వరసలో కూర్చున్న కొడుకు వైపు తిరిగి, "ఇచ్చేయండన్నయ్యా, ఆవిడ కాళ్ళకు ఏ లోటూ లేదు" అంది. నలుగురిలో తల కొట్టేసినట్టయి కొడుకు తాళంచెవి తీశాడు.

"పడితే మాత్రం నన్ననకు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ సైకిలు దుమ్ము దులిపి, గాలి కొట్టి, వీధిలోకి తెచ్చింది. ఎడమ కాలు పెడలు మీద పెట్టింది. కుడి కాలు నేల వదల్లేదు. ఎదురుగా రోడ్డంతా ఖాళీ, కుక్క కూడా లేదు. అయినా... పడతావు, తుంటి విరుగుతుంది, ఎవరు చేస్తారు... విని విని ఒంట్లో ఇంకిపోయిన మాటలన్నీ ఒక్కసారిగా కాలు పట్టుకున్నాయి. మళ్ళీ ప్రయత్నించింది. పెడలు మీది కాలు కూడా నేలకే దించింది. ఛీ, ఇదేం ఖర్మ అనుకుంది.

"ఏం పెద్దమ్మా, చైను పడిందా?" అని అరుగు మీంచి దర్జీ పలకరించాడు.

"పడింది, నీ తలకాయ!" అని కసిరి, సైకిలును చేత్తో నడిపించుకుంటూ కాలవ దారి పట్టింది.

చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అక్క మొహం విప్పారింది.

"ఇన్నాళ్ళకు గుర్తొచ్చానా? ఇంత పొద్దెక్కిందేంటే, సైకిలు లేదా?"

పెద్దమ్మ మంచం మీద కూర్చుని అక్క చెవిలో నోరు పెట్టింది. "తెచ్చానక్కా. ఎక్కలేకపోయాను. భయమేసింది."

"నీకా?" అని అక్క బోసినోటితో నవ్వింది. "వాగు పొంగితే క్యాన్లు నెత్తిన పెట్టుకుని దాటినదానివి! నీకు భయం ఎవరు నేర్పారే?"

పెద్దమ్మ దువ్వెన అందుకుంది. "మావాళ్ళేనక్కా. నన్ను చాలా బాగా చూసుకుంటున్నారు" అని ఆ చెవిలో గట్టిగా అరిచి చెప్పి, చిక్కు తీయడం మొదలుపెట్టింది.