వెనక గేటు మూసిన తర్వాత

మా కింది అంతస్తు బాబాయ్ గారు పోయారన్న కబురు నాకు సొసైటీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. నీళ్ల ట్యాంకరు ఆలస్యమని ఒక మెసేజ్, ఎవరి కారో ఇంకొకరి పార్కింగులో ఉందని మరొకటి, ఆ రెండింటి మధ్య ఆయన కొడుకు పెట్టిన నాలుగు ముక్కలు. తెల్లవారుజామున నిద్రలోనే పోయారట. ఆ 'నిద్రలోనే' అన్న మాట చదవగానే నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. అమ్మయ్య, రోడ్డు మీద కాదు కదా అనుకున్నాను. ఇలా చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఎందుకలా అనుకున్నానో చెప్పకపోతే ఆయన గురించి ఏమీ చెప్పినట్టు కాదు.

ఆయన మాకు చుట్టం కాదు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ బల్ల ముందు నిలబడి రోడ్ల ప్లాన్లు గీశారు. భార్య పోయాక ఢిల్లీ పక్కన ఈ ఇందిరాపురంలో కొడుకు ఫ్లాటుకి వచ్చేశారు. మేం ఈ సొసైటీలో దిగిన వారంలోనే, లిఫ్టులో నేను అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే విని పలకరించారు. నేను అలవాటుగా "నమస్తే అంకుల్" అన్నాను.

"అంకుల్ అనకమ్మా. ఈ ఊళ్లో బంగాళాదుంపలు అమ్మేవాడిక్కూడా నేను అంకుల్నే. గోదావరి పిల్లవి, బాబాయ్ అని పిలు, చెవికి హాయిగా ఉంటుంది" అన్నారు. ఆ రోజు నుంచి బాబాయ్ గారే.

ఆయనకి కారు ఎక్కడం ఇష్టముండేది కాదు. పాలకీ నడకే, మందులకీ నడకే, మెట్రో స్టేషను దాకా కూడా నడకే. ఎండాకాలం, చలికాలం తేడా లేకుండా చేతిలో గొడుగు. జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. దారిలో కాలవ మీద బండ కదులుతున్నా, మ్యాన్‌హోల్ మూత సగం తెరిచి ఉన్నా, వంగి దాని చుట్టూ తెల్లగా గీత గీసేవారు. ఆ వయసులో నడిరోడ్డు మీద వంగడమేమిటని కొడుకు విసుక్కునేవాడు. "వెనకొచ్చేవాడికి పనికొస్తుందిరా" అనేవారు. ఆయన గీతల పుణ్యాన ఎందరి కాళ్లు మిగిలాయో మాకెవరికీ తెలీదు.

మా సొసైటీకి వెనక ఒక చిన్న గేటు ఉండేది. అది దాటితే పార్కు, పార్కు పక్క సందు, సందు చివర బజారు. ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి వారానికి రెండు సాయంత్రాలు ఆ దారినే సంగీతం క్లాసుకి ఒక్కతే వెళ్లొచ్చేది. పనిమనుషులు, పాలకి వెళ్లే ముసలివాళ్లు, స్కూలు బస్సు దిగే పిల్లలు అందరూ ఆ గేటు మనుషులే. మాలాంటి కార్ల వాళ్లకి అలాంటి గేటు ఒకటుందన్న ధ్యాసే లేదు.

పక్క సొసైటీలో ఎవరి మెడలోనో గొలుసు లాగారని గ్రూపులో ఎవరో రాశారు. అది ఎక్కడ జరిగిందో, అసలు జరిగిందో లేదో ఎవరూ అడగలేదు. గంటలో పోల్ పెట్టారు, వెనక గేటు మూసేద్దామా వద్దా అని. నేను అప్పుడు ఆఫీసు నుంచి వస్తూ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. ఎర్రలైటు పచ్చగా మారేలోపు బొటనవేలితో 'మూసేద్దాం' నొక్కేశాను. అంతే ఆలోచించాను.

మర్నాటికి తాళం పడింది. ఇక బజారుకి వెళ్లాలంటే ముందు గేటు నుంచి బయటపడి సర్వీసు రోడ్డు అంచున చుట్టూ తిరిగి వెళ్లాలి. అక్కడ ఫుట్‌పాత్ ఉండాల్సిన చోట కార్లు, ట్రాన్స్‌ఫార్మరు, ఎవరిదో ఇసక కుప్ప, మోమోల బండి. మిగిలిన జాగాలో ఈ-రిక్షాలు, ఎదురొచ్చే బైకులు. ఆ రోడ్డున అమ్మాయిని ఒంటరిగా పంపనన్నాను. క్లాసు మాన్పిద్దామంటే అది ఏడుపు. బాబాయ్ గారే పైకొచ్చి, "పాలకి ఎలాగూ వెళ్తాను కదమ్మా, తోడుంటాను. పిల్లని ఇంట్లో కూర్చోబెట్టడం కూడా గేటు మూయడమే" అన్నారు. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఏమీ తెలియనట్టే నవ్వి కాఫీ కలపడానికి లోపలికి వెళ్లిపోయాను.

చలికాలం మొదట్లో ఒక సాయంత్రం, పొగమంచులో రాంగ్ సైడు వచ్చిన బైకు హ్యాండిల్‌కి అమ్మాయి సంచీ పట్టీ తగులుకుంది. ఆయన పిల్లని వెనక్కి లాగి, తాను కాలవ బండ మీద పడ్డారు. మణికట్టు విరిగింది. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి అమ్మాయి మోచెయ్యి గీరుకుపోయి ఉంది. ఒక్కటే మాట పదే పదే అంటోంది, "మమ్మా, తాతయ్య గిర్ గయే" అని, తాతయ్య పడిపోయారని.

మర్నాడు కిందికి వెళ్లాను. ఆయన చేతికి పిండికట్టు. ఎడమచేత్తో టీ తాగడం ప్రాక్టీసు చేస్తున్నారు. ఇంకా దాచుకోవడం నా వల్ల కాలేదు.

"బాబాయ్ గారూ, ఆ గేటు మూసెయ్యమని నేనూ ఓటేశాను."

"తెలుసమ్మా."

"ఎలా తెలుసు?"

"మావాడి ఫోన్లో చూశాను. పేర్లు పడతాయి కదా. మావాడి పేరు కిందే నీ పేరు." నవ్వారు. "ఫ్లాటు వాడిది, ఓటూ వాడిదే. నడకొక్కటే నాది."

అంటే ఇన్నాళ్లూ అంతా తెలిసే మా అమ్మాయికి తోడు వెళ్లారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"మరి నన్నొక్క మాట కూడా అనలేదేంటండీ?"

"ఏవనమంటావు? నేను మాత్రం తక్కువ తిన్నానా? బళ్లు వెళ్లే దారి వెడల్పుగా గీసి, పక్కన మనుషులకని రెండు సన్న గీతలు గీసేవాణ్ణి. ఆఫీసరు చోటు చాలదు తీసెయ్యమనేవాడు. రబ్బరు పెట్టి తుడిచేసేవాణ్ణి. ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. స్కేలు పట్టుకున్నవాడికి కాళ్లున్న సంగతి గుర్తుండదమ్మా."

క్షమించమని అడగబోయాను. చెయ్యెత్తి ఆపారు. "అవన్నీ ఎందుకు? ఒక్కరోజు పిల్లతో ఆ దారిన నడు. నడిచొచ్చాక ఏ ఓటేసినా నేను కాదనను."

ఈ శుక్రవారమే వస్తానన్నాను. ఆ శుక్రవారం రివ్యూ మీటింగు. తర్వాతి వారం గాలి బాగాలేదన్నారు. ఆ తర్వాత చుట్టాలొచ్చారు. ఆయన మాత్రం కట్టున్న చేతిని మెడకి వేలాడేసుకుని, రెండో చేత్తో అమ్మాయిని పట్టుకుని బయల్దేరేవారు. లిఫ్టులో కనబడినప్పుడు "ఎప్పుడమ్మా?" అని కళ్లతోనే అడిగేవారు. కట్టు విప్పారు, చలి తగ్గింది, నేను నడవలేదు. ఇప్పుడు ఆ అడిగే మనిషి లేరు.

ఈ ఆదివారం సొసైటీ మీటింగుంది. వెనక గేటు సంగతి చర్చకు పెట్టమని రాశాను. సెక్రటరీ ఫోన్ చేసి, "మేడమ్‌జీ, ఆప్‌నే భీ తో బంద్ కర్‌నే కా వోట్ దియా థా" అన్నాడు, మీరూ మూసెయ్యమనే కదా ఓటేశారని. మర్యాదగానే అన్నాడు. వేశానన్నాను. మరి ఇప్పుడేమైందని అడిగాడు. ఒక మనిషి అడిగిన కాస్త పని చెయ్యలేదని, ఇప్పుడు ఆయన పోయారని ఫోన్లో ఎలా చెప్పడం?

నిన్న శుక్రవారం. సెలవు పెట్టి అమ్మాయితో బయల్దేరాను. ముందు గేటు దాటి పది అడుగులు వేశానో లేదో, నా భుజాన్ని ఒక రిక్షా అద్దం రాసుకుంటూ పోయింది. ఆగిపోయాను. రోజూ కారులో దాటే రోడ్డే, ఒక్క చోటు కూడా గుర్తుపట్టలేకపోయాను. వెనకాల హారన్లు. ఎటు అడుగు వెయ్యాలో తెలియక ఇసక కుప్పని ఆనుకుని నిలబడ్డాను.

అమ్మాయి నా చెయ్యి పట్టుకుని గోడ వైపుకి నెట్టింది. తను బళ్ల వైపుకి వచ్చింది. నేను గాభరాగా దాన్ని లోపలికి లాగబోతే ఒప్పుకోలేదు.

"నహీ మమ్మా, ఆప్ అందర్ చలో. తాతయ్య నే బోలా హై, దారి తెలిసినవాళ్లు బయటి వైపు నడవాలి. ఆప్‌కో ఆదత్ నహీ హై నా."

నన్ను లోపలి వైపు నడవమంది, నాకు అలవాటు లేదట. ఇంతలో ఎదురుగా నీళ్ల ట్యాంకరు రోడ్డంతా తనదే అన్నట్టు వచ్చింది. అమ్మాయి నన్ను గోడకి ఆనించి, బళ్ల వైపు తిరిగి నిలబడి, నాకు అడ్డంగా చెయ్యి చాపింది. పదకొండేళ్ల సన్నటి చెయ్యి. ట్యాంకరు మమ్మల్ని దాటి, దాని దుమ్ము కిందికి దిగేదాకా ఆ చెయ్యి నా ముందు అలాగే చాపి ఉంది.