బార్లీ లేని బీరు

కైకలూరులో నాకు చేపల మేత కొట్టున్న రోజులవి. సెల్‌ఫోన్లు అందరి జేబుల్లోకీ వస్తున్న కాలం. ఏడాదిగా కడుపునొప్పితో మనిషిని సగమయ్యాను. ఏలూరు డాక్టరుగారు పరీక్షలన్నీ చేయించి, గోధుమ, బార్లీ నా ఒంటికి పడవని తేల్చారు. మూడుపూటలా అన్నం తినేవాణ్ణి, గోధుమ పోతే నాకేం పోయిందని నవ్వాను.

"బీరు కూడా బార్లీతోనే చేస్తారండీ," అన్నారాయన.

నవ్వు ఆగిపోయింది. ఆదివారం సాయంత్రం చెరువుగట్టు మీద ఒక చల్లటి బీరు తప్ప నాకు వేరే విలాసం లేదు. మానేశాను. కానీ బార్లీ లేని బీరు ఎక్కడో ఉండకపోతుందా అని తాడేపల్లిగూడెం దాకా షాపులన్నీ తిరిగాను. ఒకాయన సీసాని వెలుతురుకి ఎత్తి చూసి, "ఇందులో గింజలేమీ లేవండీ, వడకట్టేసిందే," అని భరోసా ఇచ్చాడు. ఇంకొకాయన, బార్లీ లేనిది కావాలి కదా అని బ్రాందీ చేతిలో పెట్టాడు. తర్కంలో ఆయనకి తిరుగులేదు.

నాలుగు నెలలైనా నొప్పి తగ్గలేదు.

"ఏవండీ, నిజం చెప్పండి. చాటుగా తాగుతున్నారు కదూ?" అని మా ఆవిడ రోజూ నిలదీసేది. ఒట్టేసినా నమ్మలేదు. తిడుతూనే, కడుపుకి చలవని పొద్దున్నే గ్లాసుడు బార్లీ నీళ్ళు కాచి ఇచ్చేది. నేనూ బుద్ధిగా తాగేవాణ్ణి. మా వైపు జ్వరమొచ్చినా, వేడిచేసినా బార్లీ నీళ్ళే. మా దృష్టిలో అది ధాన్యం కాదు, వైద్యం.

మళ్ళీ ఏలూరు వెళితే డాక్టరుగారు ఏమేం తాగుతున్నానని అడిగారు. మా ఆవిడే గొప్పగా చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి ఆమె వైపు చూశారు.

తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నిర్దోషినని తేలిన సంబరంలో నేను దారి పొడుగునా దెప్పుతూనే ఉన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

బార్లీ నీళ్ళు మానాక నొప్పి తగ్గుముఖం పట్టింది. ఒకరోజు ఆమె నా ముందు ఒక సీసా పెట్టింది. అస్సాంకి చేపల లారీ తోలే తమ్ముడి చేత, అక్కడ ఇళ్ళల్లో బియ్యంతో చేసుకునే బీరు తెప్పించిందట. ఇంట్లోకి సీసా రానివ్వని మనిషి, తనే గ్లాసులో పోసి ఎదురుగా నిలబడింది. రోజుల తరబడి లారీలో ఉడికిన ఆ బీరు పులిసిన కుడితిలా ఉంది.

"బావుందాండీ?"

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఇన్నాళ్ళూ నేను వెతికిన రుచి ఇదేనని చెప్పి, గ్లాసు ఖాళీ చేసి, ఇంకొంచెం పొయ్యమన్నాను.