సంగటి బొమ్మ కింది మాట

మాటలు రాని నా కూతురికి కళ్యాణదుర్గంలో ఒక టీచరమ్మ బొమ్మల అట్ట ఇచ్చింది. కావాలి, వద్దు, ఇంకా, చాలు లాంటి రోజంతా పనికొచ్చే చిన్న మాటలు, ఒక్కో మాటకీ ఒక్కో బొమ్మ. పిల్ల ప్రతి ముద్దకీ 'వద్దు' మీద వేలు పెడుతుంటే నాకు ఒళ్లు మండి, దాని మీద సంగటి బొమ్మ అంటించేశాను.

మాటలు రావాలని మా అత్త పిల్లకి గుండు మొక్కుకుంది. కదిరి గుడి దగ్గర కత్తి తలకి తగలగానే పిల్ల నా చేతిలోంచి అట్ట లాక్కుని సంగటి బొమ్మను పొడిచింది, మళ్లీ మళ్లీ.

"బిడ్డకి ఆకలైతాండాది, బిరబిరా కానీప్పా," అంది అత్త, గుండు గీసే ఆయనతో.

పిల్ల ఇప్పుడు గోరుతో ఆ బొమ్మను గీకుతోంది. దాని కింద ఏముందో నాకు తెలుసు. నోరున్న నేనూ ఆ మాట అనలేకపోయాను.