ఆరేదాకా లేవని చిన్నమ్మ

మా చిన్నమ్మ పోయింది. మొన్న పొద్దున మగ్గానికి నూలు కండెలు చుడుతూ చుడుతూనే ఒరిగిపోయిందని చిన్నాయన కబురు పంపాడు. మెట్‌పల్లి బస్సులో దారంతా ఏడ్చాను. మా వాడలో ఇవాళ ఆడుకుంటున్న పిల్లల్లో ఎంతమంది ఆమె మొండితనం వల్ల బతికారో తలుచుకుంటే, ఏడవడం కన్నా ముందు దండం పెట్టాలనిపిస్తుంది.

ఆమె డాక్టరు కాదు, నర్సూ కాదు. తొలిచూలు బిడ్డను మశూచికి పోగొట్టుకున్న తల్లి. ఆ తర్వాత టీకాల సారు మా మగ్గాల వాడకు వచ్చినప్పుడల్లా పని ఆపి ఆయన వెంట ఇల్లిల్లూ తిరిగేది. తలుపులు వేసుకునే ఆడవాళ్లను, "తియ్యుండ్రి, మీ పిల్లల నేనేమన్న ఎత్తుకపోతనా?" అని దబాయించేది. సారు భుజం మీద గీరి మందు అద్ది పక్కింటికి వెళ్లిపోయేవాడు. ఆమె మాత్రం పిల్లను ఒళ్లో పెట్టుకుని అక్కడే కూర్చునేది. "ఇగ లేవ్వా?" అంటే, "జర ఆరనియ్యుండ్రి, ఆరినంక పోత" అనేది. మాకు నవ్వొచ్చేది.

ఆ కూర్చోవడం ఎందుకో నా కొడుకు పుట్టిన ఏడు తెలిసింది. పుట్టింట్లో బాలింతగా ఉన్నాను. వాడికి టీకా వేసిన రోజు చిన్నమ్మ ధర్మపురి పోయి ఉంది. సారు గడప దాటాడో లేదో, నన్ను కన్న మా అవ్వ "పసిపానం, చీము పడతది" అంటూ గాట్లు కడిగి, పసుపూ వేపాకూ నూరి పట్టించింది. పుండు ఏదైనా మా ఇళ్లలో అదే మందు. టీకా పొక్కలేదు, అంటే పట్టలేదన్నమాట. అంతలోనే ఎదురింట్లో మశూచి! అవ్వ గడపకు వేపమండలు కట్టి, ఇక భయం లేదంది. నేను మాత్రం వాణ్ని ఒళ్లోంచి దించలేదు.

చిన్నమ్మ వచ్చి, వాడి భుజం చూసి, అవ్వ మీద విరుచుకుపడింది.

"అక్కా, మందంత కడిగి పారబోస్తివి గదనే! గా రోగం ఊపిరితోని వస్తది. వేపమండ చూసి ఊపిరి ఆగుతదా?"

"మంచిగున్న పోరనికి రోగం అంటిస్తరా?" అవ్వ కూడా తగ్గలేదు.

"గీ మందు గా రోగానికి చుట్టమే, గని గంత చెడ్డది కాదు. ఒళ్లు దీనితోని కొట్లాడి నేర్చుకుంటది. రేపు అసలుది వస్తే యాది పెట్టుకొని తరుముతది. గా నేర్చుకునుడే నువ్వు కానియ్యలే!"

ఎండలో పడి వెళ్లి సారును వెంటబెట్టుకొచ్చింది. మళ్లీ గాట్లు పెట్టించింది. వాణ్ని ఒళ్లో వేసుకుని, అవ్వ పసుపు గిన్నె వైపు కదిలినప్పుడల్లా కళ్లెర్రజేస్తూ, ఆరేదాకా లేవలేదు. ఈసారి పొక్కు లేచింది, చెక్కు కట్టింది. ఎదురింటి బిడ్డ దక్కలేదు. నా కొడుకు దక్కాడు. వాడిప్పుడు బడికి పోతున్నాడు.

మొన్న సాయంత్రం చిన్నమ్మకు చివరి స్నానం చేయించాం. ముత్తైదువగా పోయింది కనుక ఒళ్లంతా పసుపు రాయాలి. ఆ పని ఇంకెవరికీ ఇవ్వకుండా అవ్వే కూర్చుంది. ముఖానికి రాసింది, మెడకు రాసింది. భుజం మీద పాత టీకా మచ్చలు కనబడగానే ఆమె చేయి ఆగింది.

"గీడ రాయనే, చెల్లె" అంది. చుట్టూ రాసి, ఆ మచ్చలను అలాగే వదిలేసింది.