మబ్బులనే పోదాం మేడం

సముద్రం రంగు చూసేదాన్ని నేను. జగ్గయ్యపేట ఎందుకెళ్లావంటే అప్పుడూ సరిగ్గా చెప్పలేకపోయా, ఇప్పుడూ తడబడతా. రెండు వేల సంవత్సరం దాటాక, విశాఖలో పరిశోధన చేసే రోజులవి. ఉపగ్రహం సముద్రాన్ని ఫొటో తీస్తే నీళ్ల కంటే మధ్యలో గాలిలో తేలే దుమ్మే ఎక్కువ పడుతుంది. దుమ్ము లెక్క తీసేస్తేగానీ నీటి రంగు తేలదు. చలికాలంలో ఆ దుమ్ము లోపలి ఊళ్ల నుంచే సముద్రం మీదికి పోతుంది. "జగ్గయ్యపేట సున్నపురాయి క్వారీల దగ్గర కొలుచుకురామ్మా" అన్నారు మా గైడు గారు.

కొలిచేది చేతిలో పట్టే చిన్న పెట్టె. సూర్యుడికి గురిపెట్టి మీట నొక్కితే దుమ్ము దాటుకుని ఎండ ఎంత వచ్చిందో అంకె చూపిస్తుంది. ఉపగ్రహం నెత్తి మీదికొచ్చే వేళకి, అంటే మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో, నొక్కాలి. మబ్బు అడ్డమొస్తే గంగపాలే. పెట్టె కూడా అరువుది, ఆ వారమే తిరిగిచ్చేయాలి. అన్నీ చూసుకుంటే నాకు మిగిలింది ఒకే ఒక్క మధ్యాహ్నం. అది పోతే నా థీసిస్‌కి ఆఖరి అధ్యాయం ఉండదు.

ముందురోజు పొద్దున్నే బెజవాడలో రైలు దిగి, ఇడ్లీ తిని, జగ్గయ్యపేట బస్సెక్కా. పక్క సీటాయన కిరాణా హోల్‌సేలు వ్యాపారి. పెట్టె ఏంటని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పా.

"సముద్రం కోసం మా పేటకా? బందరు బస్సెక్కబోయి ఇదెక్కారేమోనండి," అన్నాడాయన జాలిగా. పేట దారిలోని పరిటాల హనుమంతుడి విగ్రహం కనబడేదాకా నాకూ ఆ అనుమానం వదల్లేదు.

పేటలో బస్టాండు దగ్గరే లాడ్జి. సాయంత్రం ఆటో మాట్లాడుకుందామని బయటికొస్తే ఖాసిం గారు దొరికారు. యాభై దాటిన మనిషి. పుట్టింది కోదాడ వైపు, పిల్లనిచ్చింది పేట వాళ్లు, ఇక్కడే ఉండిపోయారు.

"రేపు క్వారీల వైపు వెళ్లాలండీ," అన్నా.

"మబ్బులనే పోదాం మేడం."

"మబ్బా? రేపా?"

"మబ్బులనే మరి. పొద్దెక్కితే లారీలు సందియ్యవు."

లారీలకీ మబ్బుకీ సంబంధమేంటో బుర్రకెక్కలేదు. నాకు మబ్బు అక్కర్లేదు మహాప్రభో! "పోనీ, వచ్చే దారిలోని నందిగామైతే?" అని అడిగా.

"నందిగామకి మబ్బులెందుకు? ఎండల పోవచ్చు హాయిగ," అన్నారాయన.

ఊరి మనిషి, ఆకాశం చూసి చెబుతున్నాడనుకున్నా. సరే, క్వారీల ఆశ వదులుకుని, నందిగామ దుమ్మయినా దక్కించుకుందామని నిర్ణయించుకున్నా. "అయితే సరేనండీ," అనేసి గదిలోకెళ్లిపోయా. ఆయన దేనికి తలూపారో నాకు తెలీదు, నేను దేనికి సరేనన్నానో ఆయనకి తెలీదు.

మర్నాడు ఎనిమిదింటి బస్సుకి నందిగామ చేరా. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. పడమర, పేట వైపు చూశా. అక్కడా ఒక్క మబ్బు తునక లేదు. పది దాటింది, పదకొండవుతోంది. రావాల్సిన మబ్బు ఏదీ? టీకొట్టు ఆవిడ నా వాలకం చూసి పలకరించింది.

"ఎవరి కోసమమ్మా ఎదురుచూపులు?"

"మబ్బు కోసమండీ. పేటలో మబ్బుంటుందని కోదాడాయన చెప్పాడు. మబ్బులనే పోదామన్నాడు."

ఆవిడ గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వింది. "మా కోడలిదీ ఆ వైపేనమ్మా. మబ్బుల అంటే తెల్లారకుండా, చీకటితో అని! కాపరానికొచ్చిన కొత్తలో 'మబ్బుల లేపు అత్తా' అంటే, వాన పడితే లేపాలేమో అనుకున్నా నేను."

ఓరి దేవుడో! సిగ్గు తర్వాత, ముందు బస్సు. కదిలిపోతున్నదాన్ని పరుగెత్తి పట్టుకున్నా. పేటకి తిరిగే చిల్లకల్లు అడ్డరోడ్డులో దిగేసరికి పన్నెండుకి పావుగంట తక్కువ. ఎదురుగా, బేరం కోసం కాచుకున్న ఆటోలో ఖాసిం గారు, మొహం గంటు పెట్టుకుని.

"మబ్బుల నుంచి ఏడు గొట్టేదాక మీ లాడ్జి ముంగట నిలబడ్డ మేడం. షట్టరు కొట్టినా తియ్యలే. బేరాలన్నీ పోయినయ్."

"తప్పు నాదేనండీ. మా వైపు మబ్బంటే..." అని ఆకాశం చూపించా. ఆయన పైకి చూశారు, నన్ను చూశారు. కోపం పోయి నవ్వు తన్నుకొచ్చింది. "ఎక్కండి ముందు!"

లారీలు నిజంగానే సందివ్వలేదు. క్వారీల దుమ్ము తెల్లగా కనబడుతోందిగానీ అందడం లేదు. పన్నెండు కొట్టే వేళకి ఆటోని మిరప కల్లంలోకి తిప్పేశారాయన. ఎర్రగా ఆరబోసిన కాయల మధ్య నిలబడి గురిపెట్టా. ఘాటుకి ఒకటే తుమ్ములు, పెట్టె ఊగిపోతోంది. ఖాసిం గారు తువ్వాలు తడిపిచ్చి, నా మోచేతులు తన ఆటో టాపు మీద ఆనించమన్నారు. ఊపిరి బిగబట్టి నొక్కా. అంకె నిలబడింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది. మిరప ఘాటు వల్లేనని సర్దుకున్నా.

ఆ అంకె నిజంగా క్వారీల దుమ్ముదో, లారీలదో, మిరపదో ఈరోజుకీ తేల్చి చెప్పలేను. అధ్యాయం మాత్రం పూర్తయింది. ఎవరైనా పేట వెళితే చూసుకోండి: పైనున్న మబ్బు కంటే మాటలోని మబ్బు ప్రమాదం.

బస్సెక్కిస్తూ, "ఊరికెప్పుడు చేరతారు మేడం?" అని అడిగారు ఖాసిం గారు.

"మబ్బుల," అన్నా.

అలాగే మబ్బుల దిగా విశాఖలో. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.