కుండ కింద గంగులు

రాజాం అవతల జలాశయానికి రెండు గుట్టల నడుమ ఒక వంపు ఉంది. గెడ్డ, అంటే కొండవాగు, వచ్చి కలిసే చోటు కాబట్టి అక్కడ నీళ్లు రొమ్ములోతు మించవు. అడుగున బురద, అంచున జమ్ము, నడుమ తామర. బొల్లికోళ్లు, నీటికాకులు, తాబేళ్లు అక్కడి కాపరస్తులు. చలికాలం అడవి బాతులు దేశాలు దాటి వచ్చి దిగుతాయి. వీటన్నిటి మధ్యా గంగులు కూడా ఒక జలచరమే.

అతని విద్య ప్రాచీనమైనది. ముందుగా వట్టి కుండలు నీటిమీద వదిలేస్తాడు. బాతులు కొన్నాళ్లు బెదిరి, తర్వాత వాటితో చుట్టరికం కలుపుకుంటాయి. అప్పుడు తనూ ఒక చిల్లుల కుండ తలకి బోర్లించుకుని, మోకాళ్లు వంచి, మెడదాకా మునిగి నడుస్తాడు. బాతుని కాళ్లు పట్టి కిందికి లాగి, మెడ తిప్పి, మొలతాటికి కట్టుకుంటాడు. పక్క బాతు తన స్నానంలో తనుంటుంది.

ఆ పొద్దున మూడు బాతులు అయ్యాక గంగులు ఒక తప్పు చేశాడు. ఉత్తరపు గాలికి కుండలన్నీ దక్షిణానికి పోతుంటే, ఒక లావు బాతుమీద ఆశపడి తను ఉత్తరానికి నడిచాడు.

గట్టుమీద ఇడ్లీ తింటున్న ఫారెస్టు గార్డు జగన్నాధం ఎంగిలి చేత్తోనే లేచాడు.

"ఒరే గంగులు మావా! గాలికి ఎదురెళ్తన్న కుండని నా సర్వీసులో సూడలేదురా. బయటికొస్తావేటి?"

కుండ ఆగింది. లేస్తే జైలు. కుండకైతే చట్టంలో శిక్ష లేదు. గంగులు కుండగానే ఉండిపోయాడు.

"మావ కాదా? అయితే వట్టి కుండేలే!" జగన్నాధం రాయి తీశాడు. మొదటిదానికి బాతులు లేచిపోయాయి. రెండోది అంచుకి తగిలింది. "కుండలకి నొప్పుంటాదేటి?" గంగులు పళ్లు బిగించాడు. మూడోది గురి తప్పలేదు.

పెంకు ఎడమ కంట్లో దిగింది. గంగులు లేచి నిలబడ్డాడు, మెడలో కుండ మూతి, మొహమంతా నెత్తురు. జగన్నాధం పాలిపోయాడు. మనిషిని కొడితే చట్టంలో శిక్ష ఉంది. పరుగున బండెక్కించి రాజాం ఆసుపత్రికి తీసుకుపోయాడు.

"ఎవరైనా కొట్టారా?" అంది డాక్టరమ్మ.

గంగులు మిగిలిన కంటితో గార్డుని చూశాడు. పేరు చెబితే వీడి ఉద్యోగం పోతుంది. దాని వెనకే కుండా, బాతులూ, జైలూ బయటికొస్తాయి.

"లేదండి. వంటకుండ పేలింది."

"ఆ కంటికి ఇక చూపు రాదు," అంది ఆమె కట్టు కడుతూ.

"జాగర్తగా వండుకోవాల మావా," అన్నాడు జగన్నాధం, ఎంతో ఆర్ద్రంగా.

బయటికొచ్చాక, బండిలోనే దాచి వచ్చిన మూడు బాతులనీ జగన్నాధం తన సంచిలో వేసుకున్నాడు. "సాచ్చికం నీకాడుంటే నీకే పెమాదం మావా. ఎంతసేపు ఉడకాల?"

గంగులు కట్టుమీద చెయ్యి అదిమిపట్టుకుని సంచిలోకి తొంగి చూశాడు.

"రెండు లేతవే అల్లుడా. ఒకటి ముసిల్ది. దాన్ని ఇడిగా ఎట్టుకో."