చీర కట్టిన హనుమాండ్లు

హనుమాండ్లు మా దుకాణంలో పట్టుచీరల కౌంటర్ దగ్గర ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశాడు. నేను బిల్లింగ్‌లో చేరేనాటికే ఆయన అందరికన్నా పాతవాడు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద చీరల దుకాణాలకు కొదవ లేదు గానీ, ఆయన కోసమే మా మెట్లెక్కే ఆడవాళ్ళు ఉండేవాళ్ళు. పోచంపల్లి దగ్గర పల్లెలో మగ్గాల మధ్య పెరిగిన మనిషి. మగ్గం కూడు పెట్టడం మానేశాక పట్నం వచ్చాడు. కట్టుకుంటే ఎలా ఉంటుందోనని ఎవరైనా సందేహిస్తే, కొంగు తన భుజం మీద వేసుకుని, వేళ్ళతో చకచకా కుచ్చిళ్ళు మడిచి చూపించేవాడు. ఎవరికీ నవ్వు వచ్చేది కాదు. అది ఆయన పని, అంతే.

సరూర్‌నగర్‌లో రెండు గదుల కిరాయి ఇల్లు. భార్య భూలక్ష్మికి కీళ్ళవాతం వచ్చి చేతివేళ్ళు కొంకర్లు పోయాయి. వంట ఆయనే చేసేవాడు. కూతురు అరుణశ్రీకి, కొడుకు మధుకర్‌కి బాక్సులు కట్టేవాడు. ఒక బతుకమ్మ పండక్కి వాళ్ళింటికి వెళ్తే, ఆయన నేల మీద మోకాళ్ళేసి, నోట్లో పిన్నీసు పట్టుకుని భార్యకు చీర కుచ్చిళ్ళు సర్దుతున్నాడు. నన్ను చూసి సిగ్గుపడలేదు. భూలక్ష్మే నవ్వింది.

"నా చేతులు మంచిగున్నప్పుడు గూడ నాకు గింత మంచిగ కట్టుకొనుడు రాకపోయేది అమలమ్మా" అంది.

ఓనరు పెద్దాయన పోయాక దుకాణం ఆయన కొడుకు నాగార్జున చేతికి వచ్చింది. వచ్చీరాగానే రీల్స్ మొదలుపెట్టాడు. అందమైన అమ్మాయిలను తెచ్చి చీరలు కట్టించి తీశాడు. ఎవరూ చూడలేదు. ఒకరోజు సరదాకి, కొంగు భుజాన వేసుకున్న హనుమాండ్లును తీసి పెట్టాడు. దాన్ని జనం ఎగబడి చూశారు. కింద కామెంట్లలో అన్నీ నవ్వులే.

మర్నాడు ఆయన్ని పిలిచి, "అన్నా, ఇయ్యాల మొత్తం చీర కట్టు. బొట్టు, కాటుక, పూలు, అన్నీ. జర నడుము ఊపుకుంట నడువు" అన్నాడు.

"వద్దు సారూ. ఇంట్ల ఎదిగిన పిల్లలున్నరు."

"ఉన్నరు గనుకనే చెప్తున్న. గీ వయసుల నీకు ఎవడిస్తడే పని? నీ ఇష్టం."

ఇంకో షాపు చూసుకోండని నేనన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "భూలక్ష్మి మందులు ఒక్క నెల ఆగినా మంచం పడతదమ్మా" అన్నాడు. ఆ సాయంత్రమే చీర కట్టాడు.

తర్వాత రోజూ అదే. ఇదివరకు అన్నా అని పిలిచి చీరలు చూపించుకున్న ఆడవాళ్ళే "చీర అంకుల్ ఏడి?" అంటూ ఫోన్లు పట్టుకుని వచ్చేవాళ్ళు. సరూర్‌నగర్ సందుల్లో ఆయన వెనక ఈలలు. ఆయన మాత్రం టైముకు వచ్చి, చెప్పింది చేసి, ముఖం కడుక్కుని ఇంటికి పోయేవాడు.

ఒక ఆదివారం పనిమీద ఎల్‌బీ నగర్ వెళ్ళాడు. మెట్రో స్టేషన్ కింద మధుకర్ తన కాలేజీ స్నేహితులతో నిలబడి ఉన్నాడు. వాళ్ళలో ఒకడు ఈయన్ని గుర్తుపట్టి, "అరేయ్, చీర అంకుల్‌రా! అంకుల్, జర గా నడక నడువరాదే!" అని అరిచాడు. అందరూ ఫోన్లు తీశారు. మధుకర్ కూడా తీశాడు. తీసి, అందరికన్నా గట్టిగా నవ్వాడు.

హనుమాండ్లు కొడుకు కళ్ళలోకి చూశాడట. ఇక ఏం మాట్లాడినా, తను ఎవరి తండ్రో బయటపడిపోతుందని అర్థమైంది. చొక్కా ప్యాంటు మీదే, నడుం మీద చెయ్యి పెట్టుకుని, మెట్ల నుంచి బస్సులు ఆగే చోటిదాకా ఊగుతూ నడిచి, వెనక్కి చూడకుండా బస్సెక్కేశాడు.

"పోరని ఇజ్జత్ కాపాడిన అమలమ్మా" అన్నాడు నాతో. ముఖంలో ఏడుపు లేదు. అందుకే నాకు భయం వేసింది.

ఆ వీడియో తిరిగి తిరిగి భూలక్ష్మి దాకా వచ్చింది. అందులో కొడుకు నవ్వు కూడా వినపడింది. మర్నాడు పొద్దున ఆయన చీర పట్టుకుని ఎదురుగా కూర్చుంటే ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"ముట్టకు. నువ్వు కడితే నన్ను చూసి గూడ నవ్వుతరు" అంది. ఆ రోజు నుంచి నైటీలోనే ఉండిపోయింది.

దసరాకి నాగార్జున దుకాణం ముందు స్టేజీ వేయించి, డీజే పెట్టించాడు. ఎర్ర పట్టుచీర కట్టి, జడకు పూలు పెట్టి హనుమాండ్లును పైకి ఎక్కించారు. మధ్యాహ్నం ఎండ మాడిపోతోంది. ఆయన చేత్తో ఛాతీ పట్టుకుని వంగడం నా కౌంటర్ నుంచి కనిపించింది.

"సారూ, ఛాతిల బరువుగున్నది. జర కూసుంట."

"ఒక్క పాటన్నా! రోడ్డు మొత్తం నిలవడి చూస్తున్నది!"

పాట సగంలో ఆయన పడిపోయాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో ఈల వేశారు. "సూపరన్నా, ఇగ లే" అంటూ నాగార్జున దగ్గరికి వంగి, ఫోన్లో ఆయన ముఖం తీశాడు. నేను పరుగెత్తి వెళ్ళేసరికి ఆయన కళ్ళు పైకి తేలిపోయాయి.

ఆటోలో దవాఖానకు తీసుకెళ్ళాం. గుమ్మంలో స్ట్రెచర్ తెచ్చినవాడు "ఆడా, మగా?" అని అడిగి, పక్కవాడితో కలిసి నవ్వాడు. లోపల డాక్టరు చూసి, దారిలోనే పోయాడన్నాడు.

మధుకర్ వచ్చాడు. తండ్రి ముఖం ముట్టుకోలేదు. ముందు చీర లాగడం మొదలుపెట్టాడు. రాలేదు. హనుమాండ్లు కట్టిన చీర అంత సులువుగా ఊడేది కాదు. చివరికి నర్సు కత్తెర తెచ్చి పట్టుచీరను నిలువునా కోసింది. అప్పుడు మధుకర్ గోడకు తల ఆనించి ఏడ్చాడు.

ఇంటి దగ్గర భూలక్ష్మి నా చెయ్యి పట్టుకోబోయింది. వేళ్ళు మూసుకోలేదు.

"పోయేముంగట నన్ను తలుసుకున్నడా?"

తలచుకున్నాడని చెప్పొచ్చు. "మాట్లాడే టైం లేదమ్మా" అన్నాను.

ఆయన పడిపోయిన వీడియో ఆ వారమంతా తిరిగింది. నాగార్జున హనుమాండ్లు బొమ్మకు దండ వేసి, ఆయన జ్ఞాపకార్థం పట్టుచీరల మీద తగ్గింపు ప్రకటించాడు. బిల్లులు కొట్టీ కొట్టీ నా వేళ్ళు నొప్పి పుట్టాయి. నెలాఖరుకు నేను మానేశాను.

దినాలకు పటం కావాల్సి వచ్చింది. ఎవరి ఫోన్లో వెతికినా ఆయన ముఖం స్పష్టంగా ఉన్నవన్నీ దుకాణం రీల్స్ లోవే. కొత్తపేటలో ఒక స్టూడియోవాడు అందులో ఒకటి తీసుకుని, చీర తీసేసి కోటు తొడిగాడు. బొట్టు చెరిపాడు. కాటుక మాత్రం పూర్తిగా పోలేదు.

పెద్దకర్మ రోజు పల్లె నుంచి వచ్చిన ఆయన మేనత్త అండాలమ్మ పటం ముందు చాలాసేపు నిలబడింది.

"గీ కండ్లకు కాటుకేందిరా?" అని అడిగింది మధుకర్‌ని.

వాడు తల ఎత్తకుండా విస్తళ్ళు పరుస్తూ పోయాడు.